లేత నీలం

బుధవారం పొద్దున బూబూసారా పగడాల తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వంగి చూసింది. మొన్నటిదాకా గాలికి ఊగే గడ్డిలా విచ్చుకుని ఉన్న వేళ్ళ పగడం సగానికి సగం ముడుచుకుపోయింది. ఒక పక్క కండ ఊడి తెల్లటి ఎముక బయటపడింది. ఇసుక మీద ఎర్రటి జిగురు పాచి నిన్నటికన్నా బెత్తెడు ముందుకు పాకింది. రాళ్ళ సందున కాపురముండే చారల రొయ్య గడప దాటలేదు. చేపలు మాత్రం తిండి పెట్టే చెయ్యి కనబడగానే ఏమీ ఎరగనట్టు పైకి ఎగబాకాయి.

"మీకేం, మీరు బాగానే ఉన్నారు," అని వాటిని కసిరి ఆవిడ లేచింది.

ఏ దిక్కుకు నడిచినా సముద్రం తగలని బిష్కెక్‌లో, నాలుగో అంతస్తులో, మూడు వందల లీటర్ల సముద్రాన్ని ఏడేళ్ళుగా బతికించుకొస్తోంది. వడకట్టిన నీళ్ళలో ఉప్పు కలపడం, వారం వారం బకెట్ల కొద్దీ మార్చడం, నురగ గొట్టం కడగడం, పంపులకు పట్టిన సున్నం గీకడం అన్నీ తన చేత్తోనే. ఇంకొకరి చెయ్యి తొట్టిలో పడనిచ్చింది లేదు.

సిరంజితో నీళ్ళు తీసి గాజు సీసాలో పోసింది. ఆరు చుక్కల మందు, చెంచా మొనతో పొడి వేసి, మూత బిగించి, అరవై లెక్కపెట్టేదాకా ఊపి, కిటికీ గట్టు మీద పెట్టింది. తిండి మిగిలి కుళ్ళితే నీళ్ళలో ఫాస్ఫేటు పెరుగుతుంది. పెరిగితే సీసాలో నీలం దిగుతుంది. ఎంత ఎక్కువైతే అంత చిక్కగా. లేకపోతే నీళ్ళు నీళ్ళలాగే ఉండిపోతాయి.

ఐదు నిమిషాలు ఆగి, సీసాను తెల్ల అట్ట మీద నిలబెట్టి పైనుంచి చూసింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. నోటుపుస్తకంలో తేదీ పక్కన సున్నా చుట్టింది. ఆ పేజీ నిండా సున్నాలే.

నగరం తాగే నీళ్ళను ముప్ఫై ఒక్క ఏళ్ళు పరీక్షించిన మనిషి. తన సీసా అబద్ధం చెప్పదు. నీళ్ళలో తప్పు లేదంటే తప్పు నీళ్ళ బయట ఉంది. సీసాకు దొరకనిదేదో తొట్టిలో పడుతోంది. పడుతోందో, ఎవరైనా పడేస్తున్నారో.

లోపలి గదిలోంచి జాజ్‌గుల్ కోటు బొత్తాలు పెట్టుకుంటూ వచ్చింది. నవంబరులో ఆ గది అద్దెకు తీసుకున్న పిల్ల. నరీన్ వైపు పల్లెటూరిది, ఇరవై మూడేళ్ళుంటాయి. దోర్దోయ్ బజారు దగ్గర కుట్టుపని చేస్తుంది. మిగిలిన పని ఇంటికి తెచ్చుకుని కాలర్లు ఇస్త్రీ చేస్తుంటుంది.

"ఎజే, మళ్ళీ జబ్బు చేసిందా దానికి?" అంది తొట్టి వంక చూస్తూ.

అక్కా అని పిలిచినంత గౌరవంగానే పిలిచింది. కానీ బూబూసారా చెవికి తగిలింది ఆ పిలుపు కాదు, 'మళ్ళీ' అన్న మాట.

"జబ్బు చేసిందని నీకెవరు చెప్పారు?"

"చూస్తే తెలుస్తోందిగా. పాపం, ముడుచుకుపోయింది." పిల్ల బూట్లు తొడుక్కుని, "టీ పోసి ఉంచాను, చల్లారకముందే తాగండి," అని తలుపు లాగి వెళ్ళిపోయింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు ఆగేదాకా బూబూసారా కదల్లేదు. ఆ తరవాత టీ కప్పు తీసుకుని ముందు వాసన చూసింది.

*

నోటుపుస్తకం వెనక్కి తిప్పింది. అక్టోబరుదాకా అంకెలు సవ్యంగా ఉన్నాయి, పగడాలూ సవ్యంగా ఉన్నాయి. నవంబరు రెండో వారంలో మొదటి సున్నా. 'వేళ్ళ పగడం కొద్దిగా ముడుచుకుంది' అని పక్కనే రాసుకుంది. పిల్ల పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది నవంబరు మొదటి తారీఖున.

పుస్తకం మూసి లోపలి గదిలోకి వెళ్ళింది. ఇల్లు తనది, గది తనది, వెళ్తే తప్పేముంది అనుకుంది. అయినా తలుపు చప్పుడు కాకుండా తెరిచింది. మంచం దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. కిటికీ పక్కన దారపు కండెలు రంగువారీగా పేర్చిన డబ్బా. ఇస్త్రీ బల్ల మీద పిచికారీ సీసా. మూత తిప్పి వాసన చూసింది. గంజి, దాంతో పాటు ఏదో పూల అత్తరు. మేకుకు వేలాడుతున్న తువ్వాలు తీసి వాసన చూసింది. చేతులకు రాసుకునే కొవ్వు మందు వాసన. వంటింట్లోంచి పెన్సిలు తెచ్చి, పిచికారీ సీసా మీద ద్రవం ఉన్న మట్టానికి సన్నటి గీత పెట్టింది.

ఎదురింటి రైసా ఉప్పు కోసం వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడకు ఒక కబురు వింటేగాని కాళ్ళు కదలవు, విన్నది ఇంకొకరికి చెబితేగాని నోరు ఊరుకోదు.

"ముఖం అలా ఉందేమిటే?"

సీసా, తువ్వాలు వాసన చూసిన సంగతితో సహా బూబూసారా చెప్పింది.

"నేను మొదట్లోనే అనలా? అద్దెకొచ్చిన వాళ్ళకు మన వస్తువంటే లెక్కేమిటి? మా అక్క కూతురింట్లో ఒకడు దిగాడు, పోతూ పోతూ తలుపు గడియలు కూడా ఊడబీక్కుపోయాడు."

"ఈ పిల్ల గడియలు పీకే రకం కాదు. అదే నా భయం. మెత్తగా ఉంటుంది. టీ పోస్తుంది, నేల తుడుస్తుంది, అడక్కుండానే బయట మంచు ఊడ్చి వస్తుంది."

"మరింకేం! తన పనేదో లేకుండా ఎవరే అంత మంచితనం చూపించేది?" అంది రైసా ఉప్పు పొట్లం అందుకుంటూ.

ఆ మాట బూబూసారాకు సబబుగా తోచింది.

మధ్యాహ్నం కుబాత్‌కు ఫోన్ చేసింది. ఓష్ బజారు వెనక వీధిలో చేపల దుకాణం నడిపే మనిషి. ఉప్పు డబ్బాలు, పగడపు ముక్కలు అల్మాటీ నుంచి తెప్పించేది అతనే.

"సున్నా అంటున్నారు, మళ్ళీ ఎర్ర పాచి అంటున్నారు. ఈ రెంటికీ పొత్తు కుదరదే ఎజే!" అన్నాడు.

"కుదరదనేగా నీకు చేసింది. పోయిన నెల నువ్వే అన్నావు, సున్నా అయితే పగడాలు ఆకలికి మాడుతున్నాయి, తిండి పెంచమని."

"అన్నాను. ఎంత పెంచారు?"

"రోజూ ఫ్రిజ్‌లోని రొయ్యగడ్డ ఇంకొకటి వేస్తున్నా. పగడాల పొడి రెండు పూటలా. ఫాస్ఫేటు పీల్చే సంచీ కూడా తీసేశా, సున్నాకు ఇంకా సంచీ దేనికని."

"ఒక పని చేయండి. ఓ సీసాడు నీళ్ళు తీసుకురండి. నా దగ్గరా చూద్దాం."

"నా లెక్క మీద నీకు నమ్మకం లేదా?"

"అదేం లేదు ఎజే, మందు పాతబడి ఉండొచ్చు కదా."

"మందు పోయిన వారం విప్పిందే. నువ్వు పలకా బలపం పట్టకముందు నుంచీ ఈ పని చేస్తున్నా నేను," అని ఫోన్ పెట్టేసింది.

*

గురువారం ఆవిడ తన జడలోంచి ఒక నెరిసిన వెంట్రుక తీసి, ఉమ్మితో తడిపి, తొట్టి మూత అంచుకూ తొట్టి చెక్కచట్రానికీ కలిపి అతికించింది. మూత ఎత్తకుండా ఎవరూ చెయ్యి పెట్టలేరు. ఎత్తితే వెంట్రుక నిలవదు. తిండి వేసే చిన్న కంత ఒకటి తెరిచే ఉంటుంది గాని, అందులో రెండు వేళ్ళకన్నా పట్టవు.

పింఛను కార్యాలయంలో సంతకం పెట్టే పని ఉంది. బస్సు కిటికీలోంచి చూస్తే బొగ్గుపొగలో ఊరంతా టీ మరకలా ఉంది. వరసలో నిలబడ్డంతసేపూ వెంట్రుక ఆవిడ కళ్ళముందే మెదిలింది. మంచులో కాళ్ళు జారుతున్నా ఆగకుండా, నాలుగున్నరకల్లా ఇంటికొచ్చింది. జాజ్‌గుల్ బూట్లు అప్పటికే గుమ్మంలో ఉన్నాయి.

కోటు విప్పకుండానే తొట్టి దగ్గరికి వెళ్ళింది. వెంట్రుక లేదు. కింద తివాచీ మీద అరచేయంత తడి మరక.

పిల్ల వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది.

"తొందరగా వచ్చావే?"

"కరెంటు పోయిందని మధ్యాహ్నమే పంపేశారు ఎజే."

"తొట్టి మూత తీశావా?"

కత్తి ఆగింది. ఒక్క క్షణమే. "లేదు," అంది పిల్ల, ఉల్లిపాయ వంకే చూస్తూ.

బూబూసారా ఇంకేమీ అడగలేదు. ఆ పిల్ల అబద్ధమాడినందుకు కోపం వచ్చింది. అంతకంటే ముందు, ఇన్నాళ్ళూ తాను పడ్డ అనుమానం నిజమైనందుకు ఒక తృప్తి కూడా కలిగింది. ఆ తృప్తి ఆవిడకే రుచించలేదు. చేతులు కడుక్కుని, పిల్ల వండిన నూడుల్స్ ఆకలి లేదని పక్కకు నెట్టింది.

శుక్రవారం పొద్దున వేళ్ళ పగడానికి రెండు కొమ్మలు పూర్తిగా రాలిపోయాయి. పొడవాటి చిమటాలతో వాటిని తీసి పళ్ళెంలో పెట్టింది. కుళ్ళిన వాసన గది నిండా కమ్ముకుంది. వాటిలో పెద్దది ఆవిడ చిటికెనవేలు గోరంత ముక్కగా తెచ్చి పెంచింది.

జాజ్‌గుల్ బయల్దేరబోతుంటే పళ్ళెం చేత్తో పట్టుకునే అడ్డం నిలబడింది.

"ఆదివారానికి గది ఖాళీ చెయ్యి."

పిల్ల పళ్ళెంలోకి, ఆవిడ ముఖంలోకి మార్చి మార్చి చూసింది. "నేనేం చేశాను ఎజే?"

"ఏం చేశావో నీకు తెలుసు. గంజి చల్లావో, సబ్బు చెయ్యి పెట్టావో, ఇంకేం పోశావో. పసిబిడ్డకు విషం పెట్టినదైనా ఒప్పుకుంటుందేమో గాని, నువ్వు ఒప్పుకోవు."

"జనవరిలో ఎక్కడికి పోను?"

"అది మూత ఎత్తేముందు ఆలోచించాల్సింది."

జాజ్‌గుల్ ఏదో చెప్పబోయి మింగేసింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు గుమ్మంలో ఆమె బూట్లు విడిచే చోట చేరిన మంచునీళ్ళు ఎవరూ తుడవలేదు.

*

శనివారం పిల్ల సెలవు పెట్టింది. పదింటికల్లా పెట్టె సర్దుకుంటోంది. బూబూసారా ముందుగదిలో కూర్చుని ఆ చప్పుళ్ళన్నీ వింది. ఏడుస్తుందనుకుంది, బతిమాలుతుందనుకుంది. రెండూ లేవు. ఏ తప్పూ చేయని మనిషి ఇంత నిమ్మళంగా ఉండగలదా? చేసిన మనిషి మాత్రం ఉండగలదా?

ఉండబట్టలేక గుమ్మం దగ్గరికి వెళ్ళింది. "ఇలా రా. నేను నిన్ను ఊరికే పొమ్మన్నానని నలుగురికీ చెప్పుకుంటావు. నీ కళ్ళతో చూసి వెళ్ళు."

నీళ్ళు తీసింది. చుక్కలు పైకే లెక్కపెట్టి వేసింది. పొడి వేసి ఊపింది. ఐదు నిమిషాలూ ఇద్దరూ కిటికీకి చెరో పక్కన నిలబడ్డారు. ఆవిడ సీసాను తెల్ల అట్ట మీద పెట్టింది.

"చూశావా? సున్నా. నీళ్ళు మంచు కరిగినంత శుభ్రంగా ఉన్నాయి. తిండి వల్ల కాదు, నా వల్ల కాదు. మరి దేనివల్ల చచ్చింది?"

జాజ్‌గుల్ వంగి చూసింది. ఇంకోసారి చూసింది. అట్ట పక్కన అచ్చువేసిన రంగుల గళ్ళు చూసింది.

"ఇది సున్నా కాదు ఎజే. నీలం."

"ఏమిటీ?"

"లేత నీలం. మరీ లేత కూడా కాదు. ఇదిగో, ఈ గడి. నాలుగోది. కాదు, నాలుగుకూ ఐదుకూ మధ్య."

బూబూసారాకు తల తిరిగినంత కోపం వచ్చింది. "పోతూ పోతూ నన్ను పిచ్చిదాన్ని చేద్దామనా? ముప్ఫై ఒక్క ఏళ్ళు రంగులు చూసి సంతకం పెట్టిన కళ్ళివి!"

"మా దగ్గర లేత రంగులన్నీ నాకే పంపుతారు, దారం జత కలపమని," అంది పిల్ల. గొంతు పెంచలేదు. లోపలికి వెళ్ళి రెండు కండెలు తెచ్చి గట్టు మీద పెట్టింది. "వీటిలో తెల్లది ఏదో చెప్పండి."

బూబూసారా చూసింది. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని చూసింది. వెలుగులోకి ఎత్తి చూసింది.

"రెండూ తెల్లవే. ఏమిటీ గారడీ?"

ఆవిడ అనుమానం ఇంకో మెట్టెక్కింది. కండెలు రెండూ గుప్పిట పట్టుకుని, తలుపు తీసి, ఎదురింటి గంట నొక్కింది. రైసా పిండి చేతులతో వచ్చింది. ఆవిడకు ఈ పిల్ల పక్షాన ఒక్క మాట కూడా ఊరికే రాదు.

"ఇవేం రంగులో చెప్పు."

"అదేమిటే పొద్దున్నే?"

"చెప్పవే!"

"ఇది తెలుపు. ఇది నీలం, మా మనవడి చొక్కా రంగు." రైసా ఆవిడ ముఖంలోకి వింతగా చూసింది. "ఆ మాత్రం కనబడ్డంలేదా నీకు?"

బూబూసారా వెనక్కి వచ్చింది. సీసా తీసుకుని రైసాకు చూపించాల్సిన పని లేదని ఆవిడకు అప్పటికే అర్థమైంది. అయినా చూపించింది. రైసా గుమ్మంలోంచే, "నీలమే," అనేసి, పిండి ఎండిపోతోందని వెళ్ళిపోయింది.

నోటుపుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. ఎనభై చిల్లర సున్నాలు. ఆకలితో మాడుతున్నాయని రోజూ వేసిన రెండో గడ్డ. రెండు పూటలా పొడి. తీసి పారేసిన సంచీ. విషం ఎవరు పెట్టారో తన చేతిరాతే తారీఖులతో సహా చెబుతోంది.

కుర్చీలో కూలబడింది. "మూత ఎందుకెత్తావు మరి?" అంది. అది నిలదీయడం కాదు, నిజంగా తెలుసుకోవాలని అడగడం.

జాజ్‌గుల్ నిలబడే చెప్పింది. "నేను వచ్చేసరికి ఆ పొడుగు తోక చేప తివాచీ మీద కొట్టుకుంటోంది. కంతలోంచి దూకినట్టుంది. తీసి లోపల వేశాను. చేతులు కడుక్కునే వ్యవధి లేదు. చెబితే అదిగో, చెయ్యి పెట్టానంటారని భయమేసింది."

బూబూసారా తొట్టి దగ్గరికి వెళ్ళి చూసింది. పొడుగు తోక చేప రాయి వెనక ఉంది. తోక అంచు చిరిగి ఉంది. మూడు రోజులుగా అది తన కళ్ళముందే తిరిగింది. ఎవరు పాపం చేశారో వెతికే హడావిడిలో చేపను చేపగా చూడనే లేదు.

అక్కణ్ణుంచి వంటింట్లోకి వెళ్ళింది. టీ కాచి, పాలు కలిపి, రొట్టె విరిచి బల్ల మీద పెట్టింది. ఇంట్లో చిన్నవాళ్ళుండగా పెద్దవాళ్ళు టీ పోయడం ఆవిడ ఎరిగిన ఏ ఇంట్లోనూ లేదు. గిన్నె నింపి రెండు చేతులతో పిల్ల ముందుకు జరిపింది. క్షమించమన్న మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"పెట్టె విప్పెయ్యి," అంది.

జాజ్‌గుల్ టీ గిన్నె అందుకుంది. తాగింది. రొట్టె ముక్క ఒకటి తుంచుకుంది. "వద్దు ఎజే. మా దగ్గర పనిచేసే అమ్మాయిల గదిలో చోటు అడిగాను. ముగ్గురుంటారు, నాతో నలుగురు. మాటిచ్చేశాను."

"నలుగురు ఒక గదిలోనా? అంత ఇరుకులో ఎందుకు?"

"ఇరుకే." పిల్ల గిన్నె కింద పెట్టింది. "కానీ అక్కడ నా తువ్వాలు ఎవరూ వాసన చూడరు."

బూబూసారా ఖాళీ అయిన గిన్నె మళ్ళీ నింపింది.

*

ఆదివారం సామాను కిందికి మోయడానికి సాయం చేసింది. పిల్ల వద్దన్నా కుట్టుమిషను ఒక పక్క పట్టుకుంది. మార్ష్రూత్కా వ్యాను వచ్చి ఆగితే, డ్రైవరు సామాను చూసి సణిగితే, "నీ బండి అరిగిపోతుందా?" అని వాణ్ణి గదమాయించి ఎక్కించింది. బండి మలుపు తిరిగేదాకా పొగమంచులో నిలబడింది.

సోమవారం కుబాత్ వచ్చాడు. నీళ్ళు చూసి చొక్కా చేతులు పైకి మడిచాడు. ఇద్దరూ కలిసి గొట్టంతో ఎర్ర పాచి పీల్చారు, మూడో వంతు నీళ్ళు మార్చారు, సంచీ మళ్ళీ కట్టారు. తిండి రోజు విడిచి రోజన్నాడు. "తొందరపడి ఒక్కసారిగా ఫాస్ఫేటు దించకండి ఎజే, అది ఇంకో దెబ్బ," అన్నాడు. మంగళవారం కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ దీపం వేసి చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని, పసుపు అద్దంలోంచి చూసినట్టు వాటి వెనక లేత నీలం కనబడదని చెప్పింది. "ఇంతకాలం ఎలా గమనించలేదమ్మా?" అనడిగింది. "లోకమే పచ్చబడిందనుకున్నా," అంది బూబూసారా. కుడికన్నుకు మార్చిలో ఆపరేషన్ రాశారు.

బుధవారం పొద్దున మళ్ళీ పరీక్ష చేసింది. సీసా తెల్ల అట్ట మీద పెట్టి, కలం పట్టుకుని కూర్చుంది. రైసాను పిలవొచ్చు. రైసా నీలమనో తెలుపనో చెబుతుంది గాని, ఎన్నో గడి అంటే విసుక్కుంటుంది. చివరికి ఫోన్ తీసి, సీసానూ గళ్ళనూ కలిపి ఫోటో తీసింది. జాజ్‌గుల్ నంబరుకు పంపింది. కింద ఏదైనా రాయాలనుకుని మూడుసార్లు రాసి చెరిపేసింది. ఒట్టి ఫోటోనే వెళ్ళింది.

ఆ పిల్ల జవాబివ్వకపోయినా న్యాయమే అనుకుంది. పంపు గీకింది. అద్దం తుడిచింది. వేళ్ళ పగడంలో మిగిలిన మూడు కొమ్మల్లో ఒకటి గోరంత బయటికి చాచింది. చాచిందో, తనకే అలా కనబడిందో చెప్పడం కష్టం.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఫోన్ మోగింది. వెనకాల కుట్టుమిషన్ల రొద.

"ఎజే, ఫోటో చూశాను."

"ఎన్నో గడి?" బూబూసారా కలం అందుకుంది.

"చెప్పను."

ఆవిడ కలం కింద పెట్టింది. "సర్లే అమ్మా. నీకూ పని ఉంటుంది."

"అది కాదు ఎజే. ఫోన్లో రంగు మారిపోతుంది. మా మేస్త్రి ఇలాగే ఫోటో చూసి దారం తెప్పించి నలభై చొక్కాలు పాడుచేశాడు. ఫోటోను నమ్మి చెబితే రేపు ఇంకో పగడం పోతుంది." రొదలో ఎవరో పిల్లను కేకేశారు. "వస్తున్నా! ... ఆదివారం సెలవు. నేనే వచ్చి చూస్తాను. అందాకా పుస్తకంలో ఆ తేదీ పక్కన ఖాళీగా ఉంచండి. సున్నా మాత్రం వెయ్యకండి."

ఫోన్ పెట్టేశాక బూబూసారా నోటుపుస్తకంలో తేదీ రాసింది. పక్కన ఏమీ రాయలేదు.